ఒళ్లు వంగాలన్నా, బరువు తగ్గాలన్నా: వరంగల్ వాళ్లు ఇంట్లోనే యోగా మొదలుపెట్టే పద్ధతి

యోగా క్లాసులో చేరేవాళ్లు మొదటి రోజే అడిగే మాట ఒకటుంది: నెలకు ఎన్ని కిలోలు తగ్గుతాం సార్? లెక్క ముందే తెలిస్తే తర్వాత నిరాశ పడాల్సిన పని ఉండదు. 70 కిలోల మనిషి అరగంట నెమ్మదిగా ఆసనాలు వేస్తే ఖర్చయ్యేది సుమారు 90 క్యాలరీలు. అదే అరగంట ఆపకుండా సూర్యనమస్కారాలు చేస్తే 115 దాకా పోతాయి. భద్రకాళి బండ్ మీద చేతులు ఊపుకుంటూ జోరుగా నడిస్తే 150. ఇక రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్‌లో, ఒక్క చక్కెర నుంచే 40 క్యాలరీలు వస్తాయి. పొద్దున వేసిన ఆసనాలన్నీ సాయంత్రం రెండు చాయ్‌లకు చెల్లు.

మరి యోగా ఎందుకంటారా? సక్లంముక్లం కూర్చొని చేయి ఆనించకుండా లేవడానికి. అటక మీది సామాను దించేటప్పుడు నడుము పట్టేయకుండా ఉండటానికి. మెట్లెక్కితే మోకాళ్లు వణకకుండా ఉండటానికి. కీళ్లు, కండరాలు మాట వింటేనే రోజూ నడవగలుగుతారు, పని చేయగలుగుతారు. బరువు సంగతి చాలావరకు వంటింట్లో తేలుతుంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు మీ పని మిమ్మల్ని ఎటు వంచుతోందో చూసుకోండి

ఏ పుస్తకం తీసినా అందరికీ ఒకే వరసలో ఆసనాలు ఉంటాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. మన దగ్గర చాలామంది పొద్దంతా తమకు తెలియకుండానే ఒక ఆసనంలో ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు ఒళ్లో చేట పెట్టుకొని, మెడ వంచి గంటల తరబడి కూర్చుంటారు. కొత్తవాడలో మగ్గం మీద కూర్చునేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, పత్తి తీసేవాళ్లు, మిర్చి ఏరేవాళ్లు, అందరిదీ ముందుకు వంగే పనే. వీళ్లకు పొద్దున్నే మళ్లీ కాళ్లు చాపి కూర్చొని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం వేయించి వేళ్లు కాలికి తాకించమంటే ఉన్న నొప్పికి ఇంకొంచెం కలిపినట్టే. ఇటువంటి పని చేసేవాళ్లు మొదటి రెండు మూడు వారాలు వెనక్కి తెరిచే ఆసనాలు ఎక్కువ పెట్టుకోవాలి: భుజంగాసనం (బోర్లా పడుకొని ఛాతీ పైకెత్తడం), సేతుబంధాసనం (వెల్లకిలా పడుకొని పిరుదులు లేపడం). వాటితోపాటు దర్వాజా మధ్యలో నిలబడి రెండు చేతులు చెక్కకు ఆనించి ఛాతీ ముందుకు తోయడం. ముందుకు వంగేవి తర్వాత చూసుకోవచ్చు.

కుర్చీ పని వాళ్లది వేరే కథ. ఆఫీసులో, గల్లాపెట్టె దగ్గర, బస్సు స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్లకు తొడ ముందు భాగం, తుంటి పొట్టిగా బిగుసుకుపోతాయి. లేచి నిలబడ్డప్పుడు నడుము ముందుకు లాగినట్టు ఉండేది అందుకే. వీళ్లకు అశ్వ సంచలనాసనం, వీరభద్రాసనం, మలాసనం ముందు కావాలి (ఎలా వేయాలో కింద చెబుతాను). వంటింటి గట్టు దగ్గర నిలబడే పని ఎక్కువున్న ఇల్లాళ్లకు పిక్కలు, నడుము కింది భాగం పట్టేస్తాయి. రాత్రి పడుకునే ముందు గోడకు కాళ్లు పైకి ఆనించి ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుంటే హాయిగా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే అన్నలకు బలం నేర్పాల్సిన పని లేదు. వాళ్లకు భుజాలు, మెడ వదులు చేసేవి చాలు.

ఫొటోలు చూసి కొలత పెట్టుకోకండి. రామప్ప గుడి మదనికల నడుము తిరిగినట్టు మన నడుము తిరగాల్సిన అవసరం లేదు. ఆ శిల్పి రాయితో చేశాడు, మనకు వెన్నుపూసలున్నాయి.

మొదలుపెట్టే ముందు

బీపీ మందులు వాడేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, డిస్క్ జారిందని డాక్టర్ చెప్పినవాళ్లు, గర్భిణులు, ఈమధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్లు తల కిందికి వేలాడే ఆసనాలు వదిలేయాలి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున గంటసేపు చేస్తే షుగర్ ఒక్కసారి పడిపోవచ్చు. ముందేమైనా తినాలా వద్దా డాక్టర్‌తో మాట్లాడుకోండి, చేతికందే దూరంలో చక్కెర గానీ గ్లూకోజ్ గానీ పెట్టుకోండి. చెమటలు, వణుకు మొదలైతే ఆపి అది నోట్లో వేసుకోవాలి.

తర్వాత మూడు విషయాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకటి నడుము కొలత: టైలర్ టేపు బొడ్డు మీదుగా చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాగొద్దు. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరిగినట్టు లెక్క. రెండోది, నిలబడి ముందుకు వంగితే వేళ్లు ఎక్కడిదాకా అందుతున్నాయి: మోకాలా, పిక్కా, చీలమండా? మూడోది, నేల మీద కూర్చొని లేచేటప్పుడు ఎన్ని ఆసరాలు కావాలి: ఒక చేయి, రెండు చేతులు, పక్కన గోడ? బరువు మిషన్ ఎక్కడం వారానికి ఒక్కసారి చాలు. రోజూ ఎక్కితే నీళ్లు, ఉప్పు తేడాలకే ముల్లు అటూ ఇటూ ఊగి ఊరికే టెన్షన్.

చోటు, వేళ, గుడ్డ

తిన్నాక మూడు నాలుగు గంటలు గడవాలి. అందుకే పొద్దున అయితే ఇబ్బంది ఉండదు. మే నెలలో మన ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది, డాబా మీద చేసేవాళ్లు ఐదున్నరకే మొదలుపెట్టి ఆరున్నరకు దిగిపోవాలి. డిసెంబరులో దీనికి తలకిందులు: కండరాలు చలికి బిగిసి ఉంటాయి, ఒళ్లు వేడెక్కించే భాగం రెండింతలు చేయాలి. ఆరుబయట కావాలంటే హన్మకొండ పబ్లిక్ గార్డెన్ ఉంది, వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది. కానీ మొదటి నెల ఇంట్లోనే చేయండి. నలుగురి మధ్య చేస్తే పక్కవాళ్లతో పోటీ పడి మోకాలి మీదికి తెచ్చుకుంటారు.

ఖరీదైన మ్యాట్ తప్పనిసరి కాదు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ దర్రీ ఇంట్లో ఉంటే పడుకొని, కూర్చొని చేసేవాటికి దాన్ని మించింది లేదు. చెమట పీలుస్తుంది, ఉతికితే పోతుంది, మోకాలి కింద రెండు మడతలు వేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: నున్నటి టైల్స్ మీద దర్రీ జారుతుంది. నిలబడి చేసే ఆసనాలకు దాన్ని పక్కకు తీసి వట్టి కాళ్లతో గరుకు నేల మీదే నిలబడండి. ఇంకో రెండు వస్తువులు కావాలి: పాత టవల్ ఒకటి, గోడకు ఆనించి పెట్టిన గట్టి కుర్చీ ఒకటి.

ఒళ్లు వేడెక్కించడం

ఐదు నుంచి ఏడు నిమిషాలు. మెడ కుడికి, ఎడమకు, పైకి, కిందికి (గుండ్రంగా తిప్పొద్దు). భుజాలు వెనక్కి గుండ్రంగా. నడుము పక్కలకు. కుర్చీ పట్టుకొని ఒక్కో చీలమండ తిప్పడం. నిలబడ్డ చోటే మోకాళ్లు ఎత్తుతూ నడక. ఒంట్లో కాస్త వేడి పుట్టిందనిపిస్తే ముందుకు పోవచ్చు.

సూర్యనమస్కారం, ఒక్కో మెట్టు

ఇందులో తొందర వద్దు. బలం, వంగుబాటు, ఆయాసం మూడూ ఒకేచోట దొరికేది ఇందులోనే, దెబ్బ తగిలించుకునేది కూడా ఎక్కువగా ఇందులోనే.

ప్రణామాసనంలో పాదాలు దగ్గరగా, చేతులు జోడించి నిలబడండి. శ్వాస తీసుకుంటూ చేతులు పైకెత్తి కొంచెం వెనక్కి. ఇక్కడ నడుము విరవాల్సిన పని లేదు, ఛాతీ పైకి లేస్తే చాలు. శ్వాస వదులుతూ పాదహస్తాసనం, అంటే ముందుకు వంగడం. మోకాళ్లు నిటారుగా ఉంచి వీపు గూనిలా చేసి వేళ్లు నేలకు తాకించాలని చాలామంది ఆరాటపడతారు. అలా కాదు. మోకాళ్లు ఎంత కావాలంటే అంత మడిచి పొట్టను తొడలకు ఆనించండి. తుంటి దగ్గర వంగాలి, వీపు దగ్గర కాదు. వారాలు గడిచేకొద్దీ మోకాళ్లు వాటంతట అవే నిటారవుతాయి.

శ్వాస తీసుకుంటూ కుడికాలు వెనక్కి చాపి, మోకాలు నేలకు ఆనించి, తల పైకెత్తితే అశ్వ సంచలనాసనం. ముందున్న కాలి మోకాలు చీలమండకు సూటిగా పైన ఉందా చూసుకోండి. శ్వాస వదులుతూ రెండో కాలూ వెనక్కి, పిరుదులు పైకి: పర్వతాసనం. మడమలు నేలకు అంటకపోయినా ఏమీ కాదు. తర్వాత ఊపిరి బిగబట్టి మోకాళ్లు, ఛాతీ, గడ్డం నేలకు ఆనించే అష్టాంగ నమస్కారం. పొట్ట పెద్దగా ఉన్నవాళ్లకు, మణికట్టు బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది కష్టం, వాళ్లు మోకాళ్లు ఆనించి నెమ్మదిగా బోర్లా పడుకుంటే సరిపోతుంది. శ్వాస తీసుకుంటూ భుజంగాసనం. మోచేతులు కొంచెం మడిచే ఉంచండి, భుజాలు చెవులకు దూరంగా లాగండి. వీపుతో లేస్తున్నారా, చేతులతో తోస్తున్నారా తెలియాలంటే ఒక్క క్షణం అరచేతులు నేల మీద నుంచి లేపి చూడండి. ఛాతీ ఎంత ఎత్తులో నిలిచిందో, మీ వీపు బలం ప్రస్తుతానికి అంత.

మళ్లీ శ్వాస వదులుతూ పర్వతాసనం. తొమ్మిదో మెట్టు దగ్గరే అందరూ ఆగిపోతారు: వెనకున్న కుడిపాదాన్ని రెండు చేతుల మధ్యకు తీసుకురావాలి, అది సగం దూరంలోనే నిలిచిపోతుంది. ఊపుతో విసిరితే తుంటి పట్టేస్తుంది. ఎడమ మోకాలు నేలకు దించి, కుడిచేత్తో చీలమండ పట్టుకొని పాదాన్ని ముందుకు తెచ్చిపెట్టండి. తప్పేమీ లేదు. నెల రెండు నెలల్లో చేయి సాయం అక్కర్లేకుండా వస్తుంది. ఆ తర్వాత పాదహస్తాసనం, చేతులు పైకి, చివరికి ప్రణామాసనం. మొత్తం 12 మెట్లు. ఇంకోసారి ఎడమకాలితో చేస్తే అప్పుడు ఒక రౌండ్.

మొదటి వారం మూడు రౌండ్లు. తర్వాత వారానికొకటి చొప్పున పెంచుకుంటూ 12 దాకా పోవచ్చు. 108 చేసే ఫోటోలు జూన్ 21 యోగా దినోత్సవానికి వస్తాయి, అవి చూసి ఉబలాటపడకండి. ఎంత జోరుగా చేయాలో తెలుసుకోవడానికి నాకు తెలిసిన సులువు ఇది: మధ్యలో పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడగలగాలి, కానీ బతుకమ్మ పాట ఎత్తుకునేంత ఊపిరి మిగలకూడదు. పాట కూడా వస్తోందంటే కొంచెం జోరు పెంచాలి. మాటే రాకపోతే తగ్గించాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, 90 కిలోలు దాటినవాళ్లు నేలకు దిగాల్సిన పని లేదు. గోడకు ఆనించిన కుర్చీ మీద అరచేతులు పెట్టి ఇవే మెట్లు చేయొచ్చు. పర్వతాసనం, అశ్వ సంచలనం రెండూ అక్కడే కుదురుతాయి.

ఆగి నిలబడే ఆసనాలు

పైన చెప్పినట్టు మీ పని వంచే వైపుకు వ్యతిరేకంగా ఉండేవి నాలుగు ఎంచుకోండి. ఒక్కోదాంట్లో 20 నుంచి 30 సెకన్లు, రెండు వైపులా, రెండుసార్లు. శ్వాస ఆపొద్దు. శ్వాస ఆగిపోతోందంటే ఎక్కువ లాగుతున్నారని అర్థం.

వీరభద్రాసనం తొడలకు, పిరుదులకు మంచి పని చెబుతుంది. ముందు మోకాలు మడిచి, వెనక మడమ నేలకు నొక్కి, చేతులు చాపి నిలబడాలి. కొత్తకొండ, కురవి వీరభద్రస్వామి జాతరలకు పోయేవాళ్లకు ఈ పేరు చెబితే ముఖంలో ఒక ఉత్సాహం వస్తుంది, నేర్పేటప్పుడు అదీ పనికొస్తుంది. ఉత్కటాసనం అంటే లేని కుర్చీలో కూర్చోవడం. మోకాళ్లు సహకరించకపోతే ఉన్న కుర్చీలోనే చేతులు కట్టుకొని పదిసార్లు కూర్చొని లేవండి. సేతుబంధాసనంలో వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పిరుదులు లేపి నిలపాలి. నడుము నొప్పి వాళ్లలో చాలామందికి ఇది పడుతుంది.

మలాసనం, అంటే గొంతుక్కూర్చోవడం, మన తాతలకు నేర్పాల్సిన అవసరం రాలేదు. ఊళ్లో చుట్ట కాలుస్తూ అరగంట అలాగే కూర్చునేవాళ్లు. వెస్టర్న్ టాయిలెట్, సోఫా వచ్చాక ఆ కీళ్లకు పని పోయింది. మడమలు లేస్తుంటే కింద మడిచిన టవల్ పెట్టండి, కిటికీ ఊచలు పట్టుకొని నెమ్మదిగా దిగండి. మోకాలి చిప్ప దగ్గర పోటు వస్తే మాత్రం మానేయండి.

పశ్చిమోత్తానాసనానికి ఆ పాత టవల్ బయటికి తీయండి. కాళ్లు చాపి కూర్చొని, పాదాల చుట్టూ టవల్ వేసి రెండు కొసలు పట్టుకోండి. వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర నుంచి ముందుకు వాలండి. తొడ వెనక మధ్యలో లాగినట్టు ఉంటే అది మంచి లాగుడు. మోకాలి వెనక గుంటలో నొప్పి, నడుము నుంచి కాలి కిందికి కరెంటు పాకినట్టు ఉండటం మంచివి కావు, వెంటనే లేవాలి. మొదటి వారాల్లో వేళ్లు ఇంకొంచెం ముందుకు పోతుంటే కండరం పొడుగైందని సంబరపడతాం. నిజానికి అప్పుడు జరిగేది ఎక్కువగా నరాల అలవాటు: ఆ లాగుడును ఒళ్లు ప్రమాదంగా చూడటం మానేస్తుంది. అందుకే రోజూ కొంచెం చేసినవాళ్లకు వచ్చినంతగా, ఆదివారం ఒక్కరోజే గంటన్నర చేసినవాళ్లకు రాదు. ఆపేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ బిగుస్తుంది.

అన్నం తిన్నాక చేయగలిగేది, మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం ఒక్కటే.

ప్రాణాయామం గురించి క్లుప్తంగా: అనులోమ విలోమం (ఒక ముక్కు రంధ్రంతో పీల్చి రెండోదానితో వదలడం) ఐదు నిమిషాలు, తర్వాత శవాసనం (వెల్లకిలా కదలకుండా పడుకోవడం) ఐదు నిమిషాలు. పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి బయటికి వదిలే కపాలభాతితో పొట్ట కరుగుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఒక భాగానికి పని చెప్పినంత మాత్రాన ఆ భాగం కొవ్వే కరగదు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు.

ఇక వంటింటి సంగతి

కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తేడా రావాలి. రోజుకు 300 తగ్గితే నెలకు 9,000, అంటే కిలోకు కొంచెం పైన. ఇంతకంటే వేగంగా తగ్గిస్తామనే బోర్డులు ఎక్కడ చూసినా పక్క నుంచి నడిచిపోండి.

ఆ 300 ఎక్కడ దొరుకుతాయి? వండిన తెల్లన్నం 100 గ్రాములు 130 క్యాలరీలు. మనం కంచంలో గుట్టగా పెట్టుకునేది 300 గ్రాములకు తక్కువుండదు. మధ్యాహ్నం ఒక గంటె, రాత్రి ఒక గంటె తగ్గించి ఆ చోట్లో కూర, పప్పు, పెరుగు పెంచితే సగం పని అయినట్టే. నూనె ఒక చెంచాకు 45 క్యాలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు దాటకుండా చూడండి. సర్వపిండి మానేయమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. గిన్నెలో పోసే నూనె కొలిచి పోయండి, రెండో ముక్క ఇంకొకరికి ఇవ్వండి. జొన్న రొట్టె తింటే సన్నబడతారన్న మాట సగమే నిజం: రెండు రొట్టెలతో ఆగితే పనిచేస్తుంది, నాలుగు రొట్టెలు నూనె తేలే కూరతో తింటే చేయదు. సాయంత్రం ఆకలికి మిర్చీ బజ్జీ బదులు బొబ్బెర గుడాలు పెట్టుకోండి. దావత్‌లో బగార అన్నం, కోడికూర ముందుకొచ్చినప్పుడు ముక్కలు తిని అన్నం తగ్గించడం ఒక్కటే నాకు తెలిసిన ఉపాయం.

నడక వదలొద్దు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్లు కదిలించే పని, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదు రోజులు అరగంట నడక మొదటి లెక్కకు, మూడు నాలుగు రోజులు పైన చెప్పిన ఆసనాలు రెండో లెక్కకు సరిపోతాయి. రెండూ ఒకే పొద్దున కుదరకపోతే నడక సాయంత్రానికి మార్చుకోండి.

నెలకోసారి ఆ కాగితం తీసి మూడు కొలతలూ మళ్లీ రాయండి. సాధారణంగా ముందు మారేది మూడోది, నేల మీద నుంచి లేవడం. తర్వాత వేళ్లు అందే చోటు మారుతుంది. టేపు ఆ తర్వాత కదులుతుంది. బరువు మిషన్ అన్నిటికంటే ఆలస్యం. జ్వరం వచ్చో, పెళ్లిళ్ల సీజన్‌లోనో రెండు వారాలు ఆగిపోతే ఆపిన దగ్గరి నుంచి కాకుండా సగం రౌండ్ల నుంచి మొదలుపెట్టండి.

గురువు కావాలనుకుంటే చేరే ముందు ఒకరోజు ఊరికే కూర్చొని చూడండి. కొత్తగా వచ్చినవాళ్లను మోకాళ్లు ఎలా ఉన్నాయి, బీపీ ఉందా అని అడుగుతున్నారా? లావుగా ఉన్నవాళ్లకు కుర్చీ ఇస్తున్నారా, లేక అందరినీ ఒకే వేగంతో పరిగెత్తిస్తున్నారా? వీపు మీద చేయి పెట్టి కిందికి నొక్కేవాళ్లయితే ఎంత పేరున్నా సరే, ఫీజు కట్టకండి.